మైకులో చేసిన ప్రార్థన

సాక్ష్యం చెప్పమంటే మా సంఘంలో అందరూ జరిగినవాటి గురించే చెబుతారు. జ్వరం తగ్గింది, ఉద్యోగం వచ్చింది, లారీ రాసుకుంటూ పోయినా కాలు విరగలేదు. నేను చెప్పబోయేది ఏమీ జరగని ఒక మంగళవారం గురించి. ఆ రోజు ఏమీ జరగనందుకు ఇప్పటికీ పొద్దున్నే లేచి స్తోత్రం చెప్పుకుంటాను. ఏమైనా జరిగి ఉంటే ఆ పాపంలో సగం నా నోటిది అయ్యేది.

రాయగడలో మా తెలుగు సంఘం చిన్నది. రైల్వేలో పనిచేసేవాళ్ళు, తెరుబలి నుంచి వచ్చే ఫ్యాక్టరీ టెక్నీషియన్లు, పిల్లల చదువుల కోసం గుణుపురం వైపు నుంచి వచ్చి ఉండిపోయిన కొన్ని రైతు కుటుంబాలు. అంతా కలిపితే ఒక రేకుల షెడ్డు నిండుతుంది. గురువారం మధ్యాహ్నం అక్కడే స్త్రీల కూడిక. దాన్ని నడిపించే పని చాలా ఏళ్ళుగా నాది.

మా కూడికలో ప్రార్థన మనవికి ఒక పద్ధతి ఉంది. ఏదైనా వివరంగా చెప్పాలి. ఎవరికైనా ఆపరేషన్ అయితే ఏ ఆస్పత్రి, ఏ పూట, ఎన్నో నంబరు మంచం, డాక్టరుగారి చెయ్యి వణకకుండా ఉండాలన్నంత వరకూ. వివరం లేని ప్రార్థన మాకు చిరునామా రాయని ఉత్తరంలా అనిపిస్తుంది. సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన మా ఆయన దీన్ని ఎప్పుడూ ఎగతాళి చేసేవారు.

"నీ ప్రార్థన వింటే స్టేషన్లో ఎనౌన్స్‌మెంటు ఇన్నట్టుంటాదే. ఏ బండి, ఏ ప్లాట్‌ఫారం, ఎంత లేటు, అన్నీ సెప్పేస్తావు."

"ప్రభువుకి సెప్పకపోతే ఎవరికి సెప్తానండీ?" అనేదాన్ని.

షెడ్డు మీద మైకు హారన్ ఉంది. అది కూడా మా పద్ధతే. నడవలేని ముసలివాళ్ళు ఇంట్లో కూర్చునే వినాలని పెట్టించేం. పైగా మా మనవులు మా దగ్గరే ఆగవు. ఊళ్ళోని ఒడియా సంఘానికి, అక్కడి నుంచి కొండ మీది సంఘాలకి ఒకరి నోటి నుంచి ఒకరికి వెళతాయి. గొలుసు ప్రార్థన అంటాం దాన్ని. ఎంతమంది అడిగితే అంత బలం అని మా నమ్మకం.

ఆ ఏడాది మా ఇంటికి ఒక జర్మన్ ఆవిడ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, రెండు మోకాళ్ళకీ పట్టీలు. ఆవిడ తల్లి ఒకప్పుడు నారాయణపట్న వైపు కొండల్లో మిషను మందుల ఇంట్లో నర్సు. ఈవిడ అక్కడే పుట్టి అయిదో ఏట తమ దేశం వెళ్ళిపోయింది. తొమ్మిది నెలల తమ్ముడు మలేరియాతో పోతే ఆ మందుల ఇంటి వెనకే పాతిపెట్టేరు. తల్లి చనిపోయే ముందు కూడా అడిగిందట, ఆ సమాధిని ఎవరైనా చూస్తున్నారా అని. ఈవిడకి జవాబు తెలీదు. ఒక్కసారి అక్కడ నిలబడి రావాలి. మోకాళ్ళు చూస్తే రెండోసారి రావడం అయ్యే పని కాదు.

ఆవిడ వచ్చేటప్పుడు వాళ్ళబ్బాయి ఒక కాగితం అచ్చు వేసి ఇచ్చేడు. వాళ్ళ ప్రభుత్వం తమ పౌరులకి ఇచ్చిన హెచ్చరిక అది. తిరుగుబాటుదారుల హింస ఉన్న ప్రాంతాలకి వెళ్ళకండి, ఎత్తుకుపోయే ప్రమాదం ఉంది అని. అందులో మా వైపు కొండలు కూడా ఉన్నాయి. చదివితే నాకు కోపం వచ్చింది. మేం ఇక్కడ కాపురాలు చేస్తున్నాం, పిల్లల్ని పెంచుకుంటున్నాం. బంద్ అంటే బస్సులు ఆగుతాయి, చెట్లు నరికి రోడ్డుకి అడ్డంగా పడేస్తారు, రెండు రోజులు పోయేక మళ్ళీ బజారుకి ఉల్లిపాయలు వస్తాయి. మాకు భయం అంటే ఏ రోడ్డు మీద ఏ పూట వెళ్ళకూడదో తెలిసి ఉండటం. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ ఆలోచించలేదు.

హోటలువాళ్ళు విదేశీయులంటే పోలీసు కాగితాల బాధ అని వెనకాడితే మేమే ఇంట్లో ఉంచుకున్నాం. మా ఆయన పోలీసు స్టేషన్‌కి వెళ్ళి, మా ఇంట్లో ఫలానా దేశం మనిషి ఉందని ఫారం నింపి ఇచ్చి వచ్చేరు. కొండ ఊరికి వెళ్ళడానికి అనుమతి కూడా అడిగేం. సోమవారం చెబుతామన్నారు. మంగళవారం బయలుదేరాలని అనుకున్నాం.

గురువారం కూడికలో నేను మైకు పట్టుకున్నాను. ఆవిడ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. నేను మనస్ఫూర్తిగా ప్రార్థించేను. మంగళవారం పొద్దున్న ఏడు గంటలకి తెల్ల బొలెరోలో, మందుల ఇంటి వెనక ఉన్న తమ్ముడి సమాధికి బయలుదేరుతున్న నీ కుమార్తెని కాపాడు ప్రభువా, లక్ష్మీపూర్ దాటేక తారు రోడ్డు వదిలి మట్టి దారి పట్టే చోట నీ దూతల్ని ఉంచు, దుష్టుల కళ్ళకి ఆమెని మరుగు చెయ్యి. అందరూ ఆమెన్ అన్నారు. కొందరు ఏడ్చేరు. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

శనివారం పొద్దున్న పోలీసు అధికారి మమ్మల్ని పిలిపించేడు. ఒడియావాడు, నెమ్మదైన మనిషి, కళ్ళ కింద నిద్ర లేని నలుపు. మాకు టీ తెప్పించి అడిగేడు.

"మీ అతిథి మంగళవారం ఏడింటికి తెల్ల బొలెరోలో లక్ష్మీపూర్ మీదుగా వెళ్తున్నారా?"

"అవును సార్. కాగితం మీ దగ్గరికి వచ్చిందా?"

"కాగితం రాలేదు. నిన్న సంతలో చింతపండు అమ్ముకునే మనిషి మా కానిస్టేబుల్‌కి చెప్పేడు. మట్టి దారి పట్టే మలుపు ఎక్కడో కూడా చెప్పేడు. అతనికి తెలిసింది ఇంకెవరికి తెలీదు? మీరు ఎవరెవరికి చెప్పేరు మేడం?"

"ఎవరికీ చెప్పలేదు సార్. దేవుడికి చెప్పేను."

ఆయన మా ఆయన వైపు చూసేడు. మా ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూసేరు.

"దేవుడికి చెప్పడానికి మైకు ఎందుకు మేడం?" అన్నాడు.

కోపంగా అనలేదు. అలా అనుంటే బాగుండేది. అనుమతి రాదని, ఆవిడని విశాఖపట్నం పంపించెయ్యమని చెప్పి లేచేడు. "మీకు ఏమీ కాదని మీరు అనుకుంటారు. కానీ ఆవిడ విలువ ఇక్కడ మీ విలువ కాదు. ఒక విదేశీ మనిషి అడవిలో ఉన్నవాళ్ళ చేతికి చిక్కితే రాజధాని దాకా అందరూ వాళ్ళతో మాట్లాడాలి."

రిక్షాలో ఇంటికి వస్తుంటే మా ఆయన, "పోనీలే, ఏడవకు. ఆ ఆఫీసరు ముందే ఇన్నాడు కాబట్టి సరిపోయింది" అన్నారు. ఎగతాళి చెయ్యలేదు. దానికి ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నాను.

ప్రార్థించాలంటే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమని ప్రభువు చెప్పిన మాట ఆదివారం బడిలో పిల్లలకి నేనే నేర్పేను. దాన్ని గర్వం గురించిన మాట అనుకున్నాను ఇన్నాళ్ళూ. తలుపు వేసుకోవడం ఇంకొకరి ప్రాణానికి కాపలా కూడా అవుతుందని నాకు తట్టలేదు.

ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. ఎదురుగా కూర్చుని నాకు వచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పేను. నా ప్రార్థన వల్లే మీ దారి మూసుకుపోయింది, క్షమించండి అన్నాను. ఆవిడ చేతిలోని రెబ్బ వలవడం పూర్తి చేసింది. "మా అమ్మ కూడా దేవుడికి పెద్ద జాబితా చదివేది" అంది. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. లేచి గదిలోకి వెళ్ళింది. బట్టలు మడత పెడుతున్న చప్పుడు వినిపించింది.

బుధవారం రైలుకి టికెట్టు తీసేం. మంగళవారం పొద్దున్న తొమ్మిదికి అధికారి ఫోన్ చేసేడు.

"మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"ఇంట్లోనే సార్. ఎక్కడికీ కదల్లేదు."

"లక్ష్మీపూర్ మలుపు దగ్గర నలభై మంది కూర్చున్నారు. తెల్లారకముందే కొండ దిగేరట. మావాళ్ళు అనుమానంతో చుట్టుముట్టేరు. చూస్తే వాళ్ళ దగ్గర ఒక డప్పు, అరటి గెల, గుమ్మడికాయలు. మీ ప్రార్థన విని వచ్చేమంటున్నారు. ఒక ముసలమ్మ మా జవానుతో తగువు పెట్టుకుంది, ఆ పిల్లని నేను చంకనెత్తుకు మోసేను, ఆపడానికి నువ్వెవడివి అని."

నేను ఫోను పట్టుకుని నిలబడిపోయాను. ఆయనే అన్నాడు, "ఆవిడని చూడందే కదలరట. లక్ష్మీపూర్ దాకా తీసుకురండి. తారు రోడ్డు దాటకూడదు. మూడు గంటల బస్సుకి తిరిగి ఎక్కాలి."

"మీ జీపు పంపుతారా సార్?"

"ఆ రోడ్డు మీద అన్నిటికంటే ప్రమాదమైన బండి నా జీపే మేడం. మామూలు బస్సు ఎక్కండి. ఇంక ఎవరికీ చెప్పకండి."

"దేవుడికి?"

"మనసులో చెప్పుకోండి."

నా నేత చీర కట్టబెట్టి, తల మీంచి కొట్పాడ్ శాలువా కప్పి ఆవిడని బస్సెక్కించేం. ముఖం కనిపించకుండా కిటికీ వైపు కూర్చోబెట్టేం గాని కాళ్ళ సంగతి మరిచిపోయాం. చీర కింద మేజోళ్ళు, బూట్లు. కండక్టరు పార్వతీపురం వాడు. టికెట్టు కొడుతూ కిందకి చూసేడు, పైకి చూసేడు.

"మామ్మగారు ఎక్కడికండీ?"

"లక్ష్మీపూర్. మా వియ్యపురాలు" అన్నారు మా ఆయన.

"ఓయబ్బో. మీ అబ్బాయి మంచి సంబంధమే సూసుకున్నాడు" అని టికెట్టు చింపి ఇచ్చేడు.

వెనక సీట్లో వాళ్ళు కిసుక్కున నవ్వేరు. కూరగాయల బుట్టతో ఎక్కిన ఒకామె ఆవిడ ఒళ్ళో రెండు సీతాఫలాలు పెట్టింది. బస్సులో ఆవిడ ఎవరో తెలియని మనిషి లేడు. దారిలో ఒక చోట పోలీసు బలగాలు ఎక్కి సంచులు వెతికేయి. ఎవరూ నోరెత్తలేదు. నేను పెదవులు కదపకుండా ప్రార్థించేను. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంత సేపూ ఒకటే మాట, కాపాడు, కాపాడు అని. అంత చిన్న ప్రార్థన నా జీవితంలో ఎన్నడూ చెయ్యలేదు.

ఆ రోజు సంత లేదు. ఖాళీ సంత పాకలో వాళ్ళని కూర్చోబెట్టేరు. మేం వెళ్ళేసరికి అందరూ లేచేరు. ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఒకామె ముందుకొచ్చి ఆవిడ తల మీది శాలువా తీసేసి నెరిసిన జుట్టు నిమిరింది. ఆ ముసలమ్మ తల్లి ఆ మందుల ఇంట్లో ఆయా. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఈవిడని ఎత్తుకుని తిరిగింది. ఆమె దేశియా భాషలో మాట్లాడింది. బజారు భాష కాబట్టి నాకు వచ్చు. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పేను.

"జుట్టు తెల్లబడే దాకా ఏ కొండ ఎక్కుతున్నావే?"

ఆవిడకి కన్నీళ్ళు ఆగలేదు. తమ్ముడి సమాధి ఉందా అని అడగమంది.

"ఉండకేటవుద్ది? ఏటా సమాధులు కడిగే రోజున మావాళ్ళకి సున్నం ఏస్తాం గదా. మా పిల్లల పక్కనే పడుకున్నాడు. ఆడొక్కడికే ఎయ్యకుండా ఎలగొచ్చేస్తాం?"

ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి నాకు రెండుసార్లు పట్టింది. తల్లి చనిపోయేదాకా అడిగిన ప్రశ్నకి జవాబు అది. స్తోత్రం అని పైకే అనేసేను.

అప్పుడు కొండ సంఘం పాస్టరుగారు, యాభై ఏళ్ళ సన్నటి మనిషి, లేచేడు. "అమ్మని తీసుకెళ్తాం. అడ్డదారిలో నాలుగు గంటల నడక. నడవలేకపోతే డోలీ కట్టేం. దారిలో ఎవరడిగినా నేను చెప్పుకుంటాను. మాతో ఉన్న మనిషిని ఎవరూ ముట్టుకోరు" అన్నాడు. మగవాళ్ళంతా తలలూపేరు. డోలీ కర్ర నిజంగానే తెచ్చేరు.

ఆవిడ లేచి నిలబడింది. వంగి బూటు తాడు బిగించింది. నా వైపు చూసింది. అధికారి పెట్టిన షరతు ఆవిడకి తెలుసు. కానీ తారు రోడ్డుకి అవతల నాలుగు గంటల దూరంలో ఆ సమాధి ఉంది. ఆవిడ ఇంక మళ్ళీ రాదు. మా ఆయన గడియారం చూసుకున్నారు. నేను వద్దని చెప్పాలి. ఆ దారి మూసినదాన్ని నేనే, తెరుచుకుంటుంటే వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ముసలమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"రావద్దు" అంది. "నువ్వొస్తావు, సూస్తావు, ఎల్లిపోతావు. నీకేటీ అవదు. మర్నాడు అడివిలోంచి వస్తారు, ఎవరా మడిసి, ఎందుకొచ్చింది అని. ఆ మర్నాడు రోడ్డు మీంచి వస్తారు, ఎవరు అన్నం పెట్టేరు, ఏటిచ్చి ఎల్లింది అని. నా మనవడికి మీసాలొచ్చేయి. ఎవరొచ్చినా ముందు ఆడినే పట్టుకుంటారు."

మగవాళ్ళు తలలు దించుకున్నారు. "ముసిల్దాని మాటలు పట్టించుకోకండమ్మా" అన్నాడు పాస్టరుగారు. కానీ అది అబద్ధమని ఆయన అనలేదు. వచ్చిన అతిథిని రావద్దనడం వాళ్ళ ఇళ్ళలో లేదు. ఆ ఒక్క మాట అనడానికి అంత వయసు కావాల్సి వచ్చింది.

ఆవిడ నన్ను అడిగింది, ఏమంటోంది అని.

నేను మెత్తగా చెప్పి ఉండొచ్చు. దారి బాగాలేదంటోంది, మీ మోకాళ్ళు నొప్పెడతాయంటోంది అనొచ్చు. ఆ ముసలమ్మ పట్టిన చెయ్యి చూసి అలా చెప్పలేకపోయాను. ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పేను, మీసాల సంగతితో సహా.

ఆవిడ చాలాసేపు కొండల వైపు చూసింది. తరవాత బల్ల మీద కూర్చుంది.

"నాకు ఏమవుతుందో మా దేశంలో అందరూ చెప్పేరు" అంది నాతో. "వీళ్ళకి ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఈమెకి నా కృతజ్ఞత చెప్పండి."

చెప్పేను. ముసలమ్మ చెయ్యి వదల్లేదు. అదే చేతిని బల్ల మీద పరిచి, జానలతో కొలిచి చూపించింది. సమాధి ఇంత పొడుగు, తల దగ్గర ఈ రాయి, కాళ్ళ దగ్గర జామచెట్టు, కాయలు పులుపు, అయినా పిల్లలు ఉంచరు. ఆవిడ ఆ బల్ల మీద ఆమె చూపించిన చోటల్లా తడిమింది. నాకు ఇప్పటికీ ఆ సమాధి ఎలా ఉంటుందో తెలుసు.

వెళ్ళే ముందు ప్రార్థన చెయ్యమని పాస్టరుగారు నా వైపు చూసేడు. నేను అతిథి వైపు చూపించేను. ఆవిడ తన భాషలో చేసింది. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. "ఇది మాత్రం సంతకి చేరదు" అని మా ఆయన నా చెవిలో గొణిగేరు. అందరం గట్టిగా ఆమెన్ అన్నాం.

మూడు గంటల బస్సుకి అరటి గెలతో ఎక్కేం. ఇంటికి చేరేసరికి అధికారి ఫోన్. చేరేరా అన్నాడు. చేరేం అన్నాను. జయ జగన్నాథ అన్నాడు ఆయన, స్తోత్రం అన్నాను నేను. మా ఇద్దరి ఊపిరీ ఒకేసారి వదిలినట్టు వినిపించింది. బుధవారం ఆవిడ రైలెక్కింది.

ఆ గురువారం కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు. ఒక మనిషి ఒక చోటికి వెళ్ళింది, ప్రభువు కాపాడేడు, క్షేమంగా వచ్చింది, అని కూర్చున్నాను. అదీ మైకు కట్టేసి. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏటొదినా, ఊరు లేదు, పేరు లేదు. ఇది సాక్ష్యమా, పొడుపు కథా?"

"ఇప్పవలసినాయనకి తెలుసులే" అన్నాను.

ఆవిడ క్షేమం గురించి నాకు ఆ వారంతో బెంగ తీరిపోయింది. తీరనిది ముసలమ్మ మనవడి గురించి. ఆవిడ తారు రోడ్డు దాకా వచ్చిన మాట నిజమే కదా, నలభై మంది కొండ దిగిన మాట కొండ మీద అందరికీ తెలుసు కదా. పాస్టరుగారు నెలకోసారి సరుకులకి రాయగడ వస్తాడు. వచ్చినప్పుడల్లా బజారులో ఎదురెళ్ళి అడిగేదాన్ని, ఎవరైనా వచ్చి అడిగేరా అని. ఎవరూ రాలేదమ్మా అనేవాడు. మరుసటి నెలా అడిగేదాన్ని. ఎవరూ రాలేదు. ఆ పై నెలా అంతే.

నాలుగోసారి ఉప్పు బస్తా భుజాన పెట్టుకుంటూ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించేడు.

"ఇప్పటిదాకా ఎవరూ రాలేదమ్మా. నువ్విలాగ బజారు నడిమిన నిలబడి అడుగుతున్నావు సూడు, దీనికే వస్తారు."

ఇంటికి వచ్చి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అడగడానికి ఏమీ మిగల్లేదు. ఎవరూ రానందుకు కృతజ్ఞత చెప్పుకుని, అన్నం వండటానికి లేచేను.